తోట హాజరుపట్టీ

జూన్ 2

మాస్టారు మామయ్యకు,

చిన్నప్పుడు మీరు ‘ప్రశ్నార్థకం’ అని పిలిచిన మేనకోడలు నమస్కారం పెట్టి మొదలుపెడుతోంది. ఈసారి కూడా ప్రశ్నతోనే వచ్చాను.

మీ ఊరి నగరపాలక సంస్థ మా పరిశోధన కేంద్రానికి ఒక పని అప్పగించింది. మీ గది ఎదురుగా ఉన్న తోట విలువ ఎంతో తేల్చాలి. అమ్మడానికి కాదు లెండి. ఆ స్థలంలో ఐదంతస్తుల పార్కింగు కడితే ఏటా ఎంత ఆదాయం వస్తుందో ఒక కంపెనీ లెక్క కట్టి ఇచ్చింది. తోట తరఫున అలాంటి కాగితం ఒక్కటీ లేదు. ‘తోట వల్ల వచ్చేది’ అన్నచోట ఎవరో సున్నా చుట్టారు. ఆగస్టు ఒకటో తేదీన కమిటీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంది.

టిక్కెట్టు లేని చోటుకి విలువ కట్టడమెలా అంటారేమో. అక్కడికి రావడానికి మనుషులు ఏం వదులుకుంటున్నారో చూడాలి. ఎంత దూరం, బస్సుకి ఎంత, ఎన్ని గంటలు. ఒక మనిషి గంట ప్రయాణం చేసి వచ్చి బల్ల మీద కూర్చున్నాడంటే, ఆ బల్ల అతనికి కనీసం ఆ గంట ఖరీదు చేస్తుందన్నమాట.

ఏడు ప్రశ్నల పత్రం పంపుతున్నాను. వచ్చిన వేళ, వెళ్లిన వేళ, తోడు ఎవరు, ఎక్కడినుంచి ఎలా వచ్చారు, నెలకి ఎన్నిసార్లు, ఈ దారిలో ఇంకేదైనా పని ఉందా, తోట లేకపోతే ఏం చేస్తారు. ఒక నెల రోజులు మీరు రాసిపెట్టాలి. మీకెలాగూ మూడో అంతస్తులో కిటికీ ఉంది, చేతినిండా తీరిక ఉంది. ఈ పత్రం తయారు చేయబడిన ఉద్దేశ్యం ఎవరికీ చెప్పనక్కర్లేదు. చెబితే జవాబులు మారిపోతాయి.

అమ్మ మిమ్మల్ని అడిగానని రాయమంది. ఫోను ఎందుకు కొనుక్కోరని కూడా అడగమంది. 

మీ
ప్రశ్నార్థకం

---

జూన్ 6

చిరంజీవి ప్రశ్నార్థకానికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం కింది దుకాణం దర్జీ చేతిమీదుగా అందినది. ముందు చెప్పవలసినవి చెప్పి తరువాత పనిలోకి వస్తాను. ‘ఉద్దేశ్యం’ కాదు, ‘ఉద్దేశం’. ‘తయారు చేయబడిన’ అని రాశావు. ఎవరు తయారుచేశారు? నీవే కదా! కర్త ఉండగా కర్తను దాచి వాక్యం రాయడం కార్యాలయాలలో నేర్చే దురలవాటు. ఇక, తీరిక ఉన్నదన్నావు. ముప్పైనాలుగు సంవత్సరాలు పాఠం చెప్పినవానికి దొరికేది తీరిక కాదమ్మా, విరామం. ఫోను సంగతి మీ అమ్మకు ఇదివరకే చెప్పాను. మాట్లాడిన మాటను దిద్దుకునే వీలులేని యంత్రం నాకెందుకు?

పనికి ఒప్పుకున్నాను. ఒప్పుకొనుటయే కాదు, ఉత్తరం అందిన రోజే ఆరంభించాను. మూడో అంతస్తు కిటికీనుంచి చూస్తే తలలు తప్ప ముఖాలు కనిపించవు గనుక తోటలోనే, నీటి పంపు పక్కనున్న బల్లమీద ఆసీనుడనైనాను. నీ పత్రాల వరుస నాకు నచ్చలేదు. పాత హాజరుపట్టీ ఒకటి తీసి, ఎర్రసిరాతో గీతలు గీసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క సంఖ్య ఇచ్చాను. మూడు రోజులలో అరవైయొక్క మంది చేరారు.

విచిత్రమేమంటే, ఇన్ని సంవత్సరాలుగా చూస్తున్న తోటను నేను చూడనే లేదని తెలిసింది. ఒకటవ సంఖ్య గడియారాలు బాగుచేసే ఆయన, రెండవ సంఖ్య సెలూను ఆయన. ఉదయం ఆరున్నరకు చదరంగం మొదలుపెడతారు. ఎత్తులకంటె దెప్పులు ఎక్కువ. తొమ్మిదవ సంఖ్య ఒక నర్సు. రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి, చెప్పులు తలకింద పెట్టుకుని, సరిగ్గా రెండు గంటలు నిద్రపోతుంది. ఎవరూ లేపనక్కరలేదు, ఎండ కాళ్లమీదికి రాగానే లేస్తుంది. ఆమె పడుకున్నంతసేపూ చదరంగంవాళ్లు గుసగుసగానే తిట్టుకుంటారు. ఈ మర్యాదకు నీ పత్రంలో గడి ఏది?

చెల్లాయిని అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
విరామంలోనున్న మీ మామయ్య

---

జూన్ 14

మామయ్యా,

మర్యాదకి గడి లేదు. కానీ ఆ ప్రశ్న మా ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. మా పెద్దాయన నవ్వలేదు, రాసుకున్నారు.

మీరు పంపిన మొదటి వారం పట్టీ ముత్యాల్లా ఉంది. రెండు సందేహాలు. మొదటిది, చదరంగం వాళ్లు పొద్దునా సాయంత్రం వస్తారని మీరే రాశారు. పట్టీలో మాత్రం రోజుకి ఒక్క గుర్తే ఉంది. అలా ఎందుకు?

రెండోది, నాలుగో గడి. ఎక్కడినుంచి ఎలా వస్తున్నారు అన్నది. అందరికీ ఖాళీగా ఉంది. మర్చిపోయారా?

మరో సంగతి. తోటవైపు కిటికీ ఉన్న గదికీ, అదే మేడలో వెనకవైపు గదికీ అద్దెలో ఎంత తేడా ఉందో కూడా చూస్తాం. ఆ తేడా అంతా కిటికీలోంచి కనిపించే పచ్చదనానికి జనం కడుతున్న వెల. మీ అద్దె ఎంతో, వెనక గది అద్దె ఎంతో రాస్తారా?

మీ కవర్లోంచి ఒక బస్సు టిక్కెట్టు జారిపడింది. పదిహేడో నంబరు బస్సు. అమ్మ దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని పావుగంట చూసింది. “ఈ బస్సు పెద్దాసుపత్రి మీదుగా పోతుందే! అన్నయ్య ఏదో దాస్తున్నాడు. చిన్నప్పుడు కాలు విరిగినా వారం రోజులు చెప్పలేదు, గోడ పట్టుకుని నడిచాడు,” అంది. నిజం చెప్పండి, ఒంట్లో బాగానే ఉందా?

ప్రశ్నార్థకం

---

జూన్ 20

చిరంజీవికి,

మీ అమ్మకు చెప్పు: కాలు విరగలేదు, బెణికినది. వారం కాదు, నాలుగు రోజులు. నా ఆరోగ్యం దివ్యంగా ఉన్నది. బస్సు టిక్కెట్లను పుస్తకాలలో గుర్తులుగా పెట్టుకోవడం నా పాత అలవాటు. ఏ పుటలోనుంచి ఏది జారినదో నేనెట్లు చెప్పగలను?

హాజరు అనేది మనిషికి రోజుకొక్కటే. పిల్లవాడు మధ్యాహ్నం ఇంటికి పోయి వచ్చినంతమాత్రాన రెండు రోజులు బడికి వచ్చినట్టా? అయినా నీకు కావలసినది హాజరు కాదు, రాకల సంఖ్య అని ఇప్పుడు అర్థమైనది. పట్టీని దిద్ది మళ్లీ పంపుతున్నాను. తప్పు నాదే. ఎర్రసిరాతో నా రాతను నేను దిద్దుకోవడం ఇదే ప్రథమం, అంత బాధగా ఏమీ లేదు.

నాలుగవ గడి సంగతి. నీడకోసం వచ్చిన మనిషిని పట్టుకుని “ఎక్కడినుంచి వచ్చారు, బస్సుకు ఎంతయింది” అని అడగడం సభ్యత కాదు. తక్కిన ఆరూ నింపుతున్నాను గదా, వాటితో సరిపెట్టుకో.

అద్దెల సంగతి ఇంటి యజమానిని అడగవలె. అద్దె అనేది ఇద్దరి మధ్య మాట.

ఏడవ ప్రశ్నకు మాత్రం మంచి జవాబులు వస్తున్నాయి. తోట లేకపోతే ఏం చేస్తారని అడిగితే సెలూను ఆయన, “ఈయన్ని భరించడానికి ఇంట్లో చోటు లేదు సార్, స్నేహం మానుకుంటాను,” అన్నాడు. గడియారాల ఆయన, “మానుకోడు, ఓడిపోయి నాకు బాకీ ఉన్న ఆటలు నలభై,” అన్నాడు. రెండూ రాశాను.

ఇట్లు,
మామయ్య

---

జులై 5

మామయ్యా,

మీ పట్టీ పూర్తిగా చేరింది. రెండువందల పన్నెండు మంది, నెలలో మూడువేలకు పైగా రాకలు. ఇంత శ్రద్ధగా రాసిన పట్టీని మా కేంద్రంలో ఎవరూ చూడలేదు.

కానీ లెక్క రాలేదు. వచ్చిందల్లా పార్కింగు కంపెనీ చూపించిన ఆదాయంలో మూడో వంతు.

కారణం నాలుగో గడి. ఖాళీ గడిని లెక్కకట్టే యంత్రం సున్నా అని చదువుకుంటుంది. అంటే రెండువందల పన్నెండు మందీ పక్కింట్లోంచి చెప్పులేసుకుని వచ్చినట్టు. ఎవరూ దూరం రాలేదు, ఎవరూ ఏమీ వదులుకోలేదు. అలాంటి తోట లేకపోతే మాత్రం ఎవరికి నష్టం అని కమిటీ అడుగుతుంది. అడిగితే నా దగ్గర జవాబు లేదు.

నెలాఖరులోగా నాలుగో గడి నిండాలి. లేకపోతే పంపు పక్క బల్ల ఉన్నచోట కార్లు ఎక్కే ర్యాంపు వస్తుంది. ప్లానులో చూశాను, సరిగ్గా అక్కడే.

అమ్మ మీకు దుప్పటి, బీపీ మాత్రల డబ్బా పార్సిలు పంపింది. నేను వద్దన్నాను.

ప్రశ్నార్థకం

---

జులై 9

చిరంజీవికి,

దుప్పటి, మాత్రలు చేరినవి. నాకు బీపీ లేదు. ఇవి చూశాక వచ్చేట్టున్నది.

ఖాళీని సున్నా అని చదివే యంత్రాన్ని ఏ బడిలో చదివించారు? జవాబు రాయనివాడికీ, సున్నా అని రాసినవాడికీ తేడా తెలియని పరీక్షాధికారిని నేను ఉద్యోగంలోనుంచి తీసేయమని రాసేవాణ్ణి. నా పట్టీలో లోపం లేదు. నీ యంత్రంలో ఉన్నది.

మామయ్య

---

జులై 15

మామయ్యా,

ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

అద్దెల సర్వేకి మా వాళ్లు ఇద్దరు మీ వీధికి వెళ్లారు. ఇల్లిల్లూ తిరిగి పట్టిక రాసుకొచ్చారు. మీ మేడ కూడా ఉంది అందులో. ‘మూడో అంతస్తు, తోటవైపు గది. ఉంటున్నవారు: కొత్తగా పెళ్లయిన జంట. నవంబరు నుంచి. అద్దె: వెనక గదికన్నా సగం ఎక్కువ.’ పాత అద్దెదారు గురించి అడిగితే ఇంటాయన, “మాస్టారా? పెంచితే ఇవ్వలేనని ఒక్క మాట కూడా అనలేదండి. తాళం చెవి తెచ్చి చేతిలో పెట్టి వెళ్లిపోయారు,” అన్నాడట.

ఎనిమిది నెలలైంది. నేను రాసిన ఉత్తరాలన్నీ దర్జీ దగ్గర ఆగి మీకు అందుతున్నాయన్నమాట. ‘కింది దుకాణం దర్జీ చేతిమీదుగా’ అని మీరు రాసింది నిజమే. మిగతా సగం రాయలేదు.

ఎక్కడుంటున్నారు? ఆసుపత్రి దగ్గరా? అమ్మకి ఇంకా చెప్పలేదు. చెబితే ఈ పూటే బయల్దేరుతుంది.

నన్ను కర్త లేని వాక్యం రాసినందుకు తిట్టారు. రెండువందల పన్నెండు మంది ఉన్న ఆ పట్టీని రాత్రి మొదటినుంచి చివరిదాకా చదివాను. నెలంతా పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ తోటలో ఉన్న ఒక్క మనిషి అందులో లేడు.

మీ మేనకోడలు

---

జులై 20

చిరంజీవి ప్రశ్నార్థకానికి,

నీ ఉత్తరం బల్లమీద కూర్చునే చదివాను. చదివి, మడిచి, హాజరుపట్టీలో పెట్టాను. ఉపాధ్యాయుడు హాజరుపట్టీలో తన పేరు రాసుకోడు. ముప్పైనాలుగేళ్ల అలవాటు గనుక నాకు తప్పుగా తోచలేదు. కాని ఇది పూర్తి నిజం కాదు. దిద్దవలసినది దిద్దుతాను.

నేను ఊరి చివర, మిల్లుల వెనక ఒక గదిలో ఉంటున్నాను. శుభ్రమైన గది. కిటికీ ఉన్నది, ఎదుట గోడ ఉన్నది. ఆసుపత్రికీ నాకూ ఏ సంబంధమూ లేదు, నేనెక్కిన బస్సు ఆ దారిన పోతుంది, అంతే. తెల్లవారగానే ఒక బస్సు ఎక్కి, మార్కెట్టు దగ్గర దిగి, పదిహేడవ నంబరు పట్టుకుని తోటకు చేరడానికి గంటా పది నిమిషాలు. తిరిగి వెళ్లడానికీ అంతే. నాలుగవ ప్రశ్న నేను ఎందుకు అడగలేదో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. ఎవరిని అడిగినా వెంటనే “మరి మీరు?” అంటారు.

అయితే ర్యాంపు సరిగ్గా బల్ల ఉన్నచోట వస్తుందన్నావు. నర్సు నిద్రపోయే చోటు అది. నా పరువు కాపాడుకోవడానికి ఆమె నిద్ర ఖర్చుపెట్టడం ఏ లెక్కలోనూ పడదు. అందుచేత నిన్న ఉదయం హాజరుపట్టీ తెరిచి, గొంతు సవరించుకుని, చదరంగంవాళ్లను అడిగాను. “ఒక ప్రశ్న మిగిలిపోయింది. మీరు ఎక్కడినుంచి వస్తారు?”

గడియారాల ఆయన పావు పట్టుకున్న చేతిని గాలిలోనే ఆపాడు. “నెల రోజులు అన్నీ అడిగి ఇదొక్కటి అడగరేంటా అని మేమే అనుకుంటున్నాం మాస్టారూ. ముందు మీరు చెప్పండి.”

“ప్రశ్నలు వేసేది నేను.”

“అదే మరి!” అన్నాడు సెలూను ఆయన. “జీవితమంతా పరీక్ష పెట్టడమే గానీ రాసింది లేదు. ఒక్కసారి రాయండి సార్, ఎలా ఉంటుందో తెలుస్తుంది.”

నేను నోరు తెరిచేలోగా పక్క బల్లమీదినుంచి, కళ్లు తెరవకుండానే నర్సు అన్నది: “మాస్టారు పదిహేడో నంబరులో వస్తారు. ఆసుపత్రి స్టాపులో నేనెక్కేసరికి ముందు సీట్లో పుస్తకం చదువుకుంటూ ఉంటారు.”

“నీకు ఎప్పటినుంచి తెలుసు?”

“మొదట్నించీ. దిగాక మీరు ఇటు రారు. చుట్టూ తిరిగి, మీ పాత ఇంటి గుమ్మం ముందునుంచి నడిచి వస్తారు, ఇప్పుడే మెట్లు దిగినట్టు. అంత కష్టపడి దాచుకుంటుంటే నేనెందుకు బయటపెట్టడం?”

గడియారాల ఆయన పావును దించి, ఎక్కడ పెట్టాడో కూడా చూడకుండా పెట్టి, అన్నాడు: “ఆ మూల మేడలో ఇరవయ్యేళ్లున్నాం. నిరుడు అద్దె పెంచారు. రైలుగేటు అవతలికి పోయాం. ఒక బస్సు, ఆపైన నడక. వీడికి కూడా చెప్పలేదు.”

“నాకు తెలుసులే,” అన్నాడు సెలూను ఆయన. “నీ చెప్పుల మట్టి ఈ వీధిది కాదు.”

ఒకే బల్లచుట్టూ కూర్చుని ఎనిమిది నెలలుగా ఒకే అబద్ధాన్ని ఇద్దరం దాచుకున్నాము, మిగిలిన ఇద్దరూ తెలిసీ కాపాడారు. ఆ తరువాత నాలుగవ ప్రశ్న అడగడానికి నాకు భయం లేకపోయింది. “నేను మిల్లుల వెనకనుంచి, రెండు బస్సులు” అని ముందు చెప్పి, అప్పుడు అడుగుతున్నాను. అలా అడిగితే ఎవరూ దాచడం లేదు. సభ్యత కాదని నేను అన్నది, ఎదుటివాణ్ణి మాత్రమే అడిగినప్పుడు.

దినమంతా తిరిగాను. ఇంతవరకు ఎనభైనలుగురు చెప్పారు. వారిలో ముప్పైయెనిమిది మంది బస్సులలో వస్తున్నారు. ఆ ముప్పైయెనిమిదిలో పదకొండుగురు ఒకప్పుడు ఈ తోట చుట్టుపక్కల మేడలలో ఉన్నవారే. నర్సు ఇల్లు ఆసుపత్రికి అటువైపు. ఇంట్లో నిద్రపట్టదని, ఇంటికి ఎదురుదిక్కుకు బస్సెక్కి ఇక్కడికి వస్తుందట. మిగిలినవారిని ఈ వారంలో అడిగి పంపుతాను.

దీనితో పాటు ఒక పొట్లం పెట్టాను. నిఘంటువులో, వ్యాకరణాలలో గుర్తులుగా ఉన్న బస్సు టిక్కెట్లు నాలుగువందల పైచిలుకు. ఇప్పుడు నాకు ఏ పుట ఎక్కడున్నదో తెలియదు. రుజువులు కావాలంటావేమోనని.

చివరి పుటలో ఎర్రసిరాతో కాక నల్లసిరాతో ఒక వరుస రాశాను. సంఖ్య: రెండువందల పదమూడు. వృత్తి: ఉపాధ్యాయుడు, విరామం. రాకలు: నెలకు ముప్పై. దూరం: రెండు బస్సులు. ఈ దారిలో వేరే పని: లేదు. దర్జీ దగ్గర ఉత్తరాలు తీసుకోవడం ఉన్నది గాని, అది తోటకు వచ్చినందువల్లే. ఏడవ ప్రశ్న, తోట లేకపోతే ఏం చేస్తారు అన్నది, ఖాళీగా వదిలాను. దయచేసి దానిని సున్నా అని చదవవద్దని నీ యంత్రానికి చెప్పు.

మీ అమ్మకు నువ్వే చెప్పు. మాత్రలు తిరిగి పంపుతున్నాను. దుప్పటి ఉంచుకున్నాను.

మీ మామయ్య

---

ఆగస్టు 3

మామయ్యా,

టిక్కెట్ల పొట్లం విప్పి నేలమీద పరిచాం. అమ్మ ఒక్కొక్కటీ తేదీల ప్రకారం పేర్చింది. మధ్యలో ఒక్క ఆరు రోజులు లేవు, జనవరిలో. “ఆ ఆరు రోజులూ అన్నయ్యకి జ్వరం వచ్చుంటుంది, రాయమను,” అంది. కోపంగా ఉంది, కానీ పేర్చడం ఆపలేదు.

కమిటీ మొన్న కూర్చుంది. నాలుగో గడి నిండాక తోట లెక్క పార్కింగు లెక్కని దాటింది. కొంచెమే దాటింది, కానీ దాటింది. కమిటీ అధ్యక్షురాలు పట్టీ చివరి పుట తిప్పి, “ఈ రెండువందల పదమూడో ఆయన ఎవరు? ఏడో గడి ఎందుకు ఖాళీ?” అని అడిగారు. ఆయనకి జవాబు తెలుసు, రాయలేదు, అన్నాను. పార్కింగుని పాత బస్సు డిపో స్థలానికి మార్చారు. తోట జోలికి రారు.

నాకు సంతోషంగా ఉండాలి. ఉంది కూడా. కానీ ఒక మాట మీకు చెప్పకుండా ఉండలేను. తోట శాశ్వతమని తెలియగానే ఆ వీధిలో అద్దెలు ఇంకా పెరుగుతాయి. తోట విలువ ఇంత అని అచ్చువేసి ఇచ్చింది నేనే. మీ గది మీకు ఇక తిరిగి రాదు. మీరు రాసిన ఆ పదకొండు మంది తరవాత పన్నెండో మనిషి, పదమూడో మనిషి ఖాళీ చేస్తారు. మా నివేదికలో దీనికి గడి లేదు. ఈసారి ఒకటి గీయమని పెద్దాయన్ని అడిగాను. ‘తోట విలువ పెరగడంవల్ల తోటకి దూరమైనవారు’ అని. ఒప్పుకున్నారు. పైసారి సర్వే దానితోనే మొదలవుతుంది.

ఆదివారం నేనూ అమ్మా వస్తున్నాం. పగటి రైలు. స్టేషనుకి రావద్దు. తోటకే వస్తాం, పదిహేడో నంబరులో.

మీ
ప్రశ్నార్థకం

---

ఆగస్టు 7

చిరంజీవికి,

నీ ఉత్తరంలో ఒక్క తప్పు లేదు. రెండుసార్లు చదివాను, వెతికే ఉద్దేశంతోనే.

గది గురించి బాధపడకు. ఆ కిటికీలోనుంచి చూసినన్నాళ్లూ నేను చూసినది తలలే. ఆ పిల్లల జంట సాయంత్రాలు కిటికీలో నిలబడి మమ్మల్ని చూస్తూ ఉంటారు. నిన్న చెయ్యి ఊపాను. వాళ్లూ ఊపారు. ఎప్పుడైనా కిందికి దిగుతారు, అప్పుడు సంఖ్య ఇస్తాను. నువ్వు గీయించిన కొత్త గడి సంగతి గడియారాల ఆయనకు చెప్పాను. “అందులో మొదటి పేరు నాది రాయమనండి” అన్నాడు. సెలూను ఆయన ఒప్పుకోలేదు, వాళ్లిద్దరూ దానిమీద ఇంకా వాదించుకుంటున్నారు. నర్సు నిద్రపోతున్నది గనుక గుసగుసగానే.

ఆదివారానికి పట్టీలో రెండు వరుసలు గీసి ఉంచాను, మీ అమ్మకొకటి, నీకొకటి. ఒక్క చిక్కు ఉన్నది. దారిలో వేరే పని ఉన్నవారి ప్రయాణం మొత్తాన్ని తోట విలువలో కలపకూడదు గదా, అందుకే ఆరవ ప్రశ్న. రైలు ఛార్జీ, పగలంతా ప్రయాణం తోటకోసమా, నాకోసమా? నీవు వచ్చి నిర్ణయించేదాకా పెన్సిలుతో రాసి ఉంచుతాను.

జనవరిలో జ్వరం ఆరు రోజులు కాదు, అయిదని చెల్లాయికి చెప్పు. ఆరో రోజు బయలుదేరాను, టిక్కెట్టు ఎక్కడో పడిపోయింది.

నా ఏడవ గడి ఇంకా ఖాళీగానే ఉన్నది. రాయడానికి ఈ వారమంతా ప్రయత్నించాను. ముప్పైనాలుగేళ్లు ఇతరుల జవాబులు దిద్దిన చెయ్యి, సొంత జవాబు దగ్గర ఆగిపోయింది. నువ్వు వచ్చి పంపు పక్కన కూర్చుని, చిన్నప్పటిలాగా అడుగు. నోటితో చెబుతాను.

మీ మామయ్య,
సంఖ్య రెండువందల పదమూడు